నోటికి రాని పేరు

పోయిన వారం సుమిత్రమ్మను మేస్త్రి ఇంటి వాకిట్లో నిలబెట్టి వచ్చాం. చావు ఇంటికి పలకరింపుకు వెళ్లిన మనిషిని అలా గుమ్మంలో వదిలేయడం మర్యాద కాదని తెలుసు. కానీ ఆమె అక్కడే ఆగిపోతే మనమేం చేస్తాం? గోడకు ఆనించిన మేస్త్రి ఫోటో, దానికి బంతిపూల దండ, దండ కింద పెద్ద అక్షరాలతో రాయించిన పేరు. రుద్రూర్ పక్కన ఆ ఊళ్లో చెరుకు కొట్టే గుంపును నడిపిన ఆ మనిషిని చిన్నాపెద్దా అందరూ మేస్త్రి అనే పిలిచారు. ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు పోశన్న అని, కూడబలుక్కుని చదివితే తప్ప సుమిత్రమ్మకు తెలియలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక మాట చెప్పాలి. పదకొండేళ్ల కింద కాలువ నీళ్ల వంతు తగాదాలో సుమిత్రమ్మ భర్త ఆత్మారాంను పారతో కొట్టి చంపినవాడు కూడా పోశన్నే. ఆయన వేరే పోశన్న, కిరాణా దుకాణం పోశన్న. చూసిన మనిషి ఒక్క దేవవ్వ, మేస్త్రి భార్య. ఆమె సాక్ష్యం నిలబడక కోర్టు దుకాణం పోశన్నను నిర్దోషి అని వదిలేసింది. దేవవ్వ అమ్ముడుపోయిందని సుమిత్రమ్మ నమ్మింది. పిల్లలను వెంటబెట్టుకుని ఊరు విడిచి, నిజామాబాద్‌లో బీడీలు చుట్టుకుని బతికింది. మేస్త్రి పోయాడని కబురు వచ్చేదాకా ఆ గడప తొక్కలేదు.

ఫోటో కింది పేరు చదివాక అనుమానం పుట్టి దేవవ్వను పిలిపించింది. ఇప్పుడు ఆ ఇద్దరూ నిజామాబాద్ గంజ్ మార్కెట్ వెనక సందులో, వకీలు లక్ష్మీరాజం ఇంటి ముందు గదిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆ కొసన దేవవ్వ, ఈ కొసన సుమిత్రమ్మ. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత చోటు ఉంది. పక్కపక్కన కూర్చోవడం వాళ్లకు ఇంకా అలవాటు కాలేదు.

పొద్దున్నే రుద్రూర్ దాకా పోయి దేవవ్వను బస్సెక్కించి తెచ్చింది లింబయ్య, సుమిత్రమ్మ తమ్ముడు. బావ చచ్చిపోయాక తన బతుకు తాను చూసుకోకుండా అక్క వెంట పట్నం వచ్చినవాడు. గంజ్‌లో బస్తాలు మోసి ఇద్దరు మేనల్లుళ్లను చదివించాడు. పెళ్లి మాటెత్తితే "అయితదిలే అక్కా" అని నవ్వేవాడు, ఆ నవ్వుతోనే నలభైకి దగ్గరపడ్డాడు. అలాంటి తమ్ముడు దొరకాలంటే పెట్టి పుట్టాలని సుమిత్రమ్మతో బీడీలు చుట్టే ఆడవాళ్లంతా అంటారు. ఇప్పుడు లోపలికి రమ్మంటే మాత్రం లింబయ్య రాలేదు.

"నాకు గీ కోర్టు మాటలు తెల్వయక్కా. మీరు మాట్లాడుకోన్రి. నేను గా చాయ్ బండి కాడ ఉంట," అని తప్పుకున్నాడు.

లక్ష్మీరాజంకు అరవై దాటాయి. మెడ మీద తడి తువ్వాలు, ముక్కు మీదికి జారే అద్దాలు. ఎదుటివాళ్లు ఎంత ఏడ్చినా తొందరపడడు, ఎంత తొందరపెట్టినా విసుక్కోడు. అటువంటి వకీలు దగ్గర కేసులు త్వరగా తెమలవు కానీ మనసులోని మాట మాత్రం తెములుతుంది.

"దేవవ్వా, నువ్వు ఏం చూసినవో, పోలీసులకు ఏం చెప్పినవో మొదటికెల్లి చెప్పు. భయపడకు," అన్నాడు.

"భయమేంది సారూ. ఇంటి పెద్దమనిషే పోయిండు, ఇంగ దేనికి భయపడాలె." దేవవ్వ కొంగు సర్దుకుంది. "పొద్దు గూకుతున్నది. మేకలను తోలుకొని కాలువ గట్టు మీదికెల్లి వస్తున్న. తూము కాడ లొల్లి ఇనవడ్డది. సూస్తె గాయిన పార లేవట్టిండు. ఒక్కటే దెబ్బ. సుమిత్ర పెనిమిటి గక్కడ్నే పడిపోయిండు."

"గాయిన అంటే ఎవరు?"

దేవవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోలీసులు గిట్లనే అడిగిండ్రు సారూ. పేరు సెప్పు, పేరు సెప్పు అని ఒక్కటే తీర్గ. గా పేరు నా నోటికి రాదు అని సెప్పిన."

వకీలు కలం ఆగింది. అద్దాల మీది నుంచి ఆమెను చూశాడు.

"ఇదే మాటన్నవా? నోటికి రాదు అనే అన్నవా?"

"గంతకన్న ఏమనాలె? మొగని పేరు ఎట్ల తీస్త? ఆయుష్షు తగ్గదా?"

నోటికి రాదు అంటే బడి చదువు చదివినవాళ్లకు ఒకటే అర్థం. ఎక్కం నోటికి రాదు, పద్యం నోటికి రాదు, అంటే గుర్తులేదు, తెలియదు. ఆ సాయంత్రం స్టేషన్‌లో కూర్చున్న జమాదారు కూడా అంతే అనుకున్నాడు. కొట్టినవాడి పేరు సాక్షికి తెలియదు అని రాసుకుని, నీళ్ల తగాదా ఎవరితోనని ఊళ్లో అడిగి దుకాణం పోశన్నను పట్టుకున్నాడు. ఆ పేరు నా నోట రాకూడదు, అది నా పెనిమిటి పేరు అని దేవవ్వ చెబుతోందని ఆయనకు తట్టలేదు. పాపం, ఆయనను మాత్రం ఎంతని తిడతాం? ఆయన ఇంట్లో ఆయన భార్య కూడా ఆయనను పేరు పెట్టి పిలిచి ఉండదు. కానీ ఇంటి సంగతి స్టేషన్‌కు రాదు.

"మరి కోర్టుల?" అని అడిగాడు లక్ష్మీరాజం.

"కోర్టుల బోనుల నిలవడ్డోన్ని ఏలు వెట్టి సూపిచ్చిన. గీయినే కొట్టిండన్న. దుకాణపాయన వకీలు లేసిండు. పదేండ్ల సంది గీయన దుకాణంల ఉప్పు, పప్పు కొంటున్నవ్, గాపొద్దు పోలీసులకు పేరెందుకు సెప్పలేదు, ఇప్పుడెవలు నేర్పిండ్రు అని మీదికొచ్చిండు. నాకు గుండె దడదడ అయింది. మా ఇంటాయన పేరే గాయన పేరు, గందుకు తియ్యలే అని సెప్పిన సారూ. ఒట్టు, సెప్పిన."

"చెప్పినవా?"

"సెప్పిన. గప్పుడు జడ్జి సారు నీ భర్త పేరేందమ్మా అనడిగిండు." దేవవ్వ తల దించుకుంది. "గదెట్ల సెప్త? మేస్త్రి అన్న."

సుమిత్రమ్మ కళ్లు మూసుకుంది. ఆ రోజు తాను ఆ హాల్లోనే వెనక బల్ల మీద కూర్చుని ఉంది. మేస్త్రి అనగానే దుకాణం పోశన్న తరఫు వకీలు పకపకా నవ్వడం, ముద్దాయి పేరు మేస్త్రి ఎప్పుడైందని జడ్జి వైపు తిరగడం, వెనకున్నవాళ్లు కూడా నవ్వడం అంతా ఆమె చూసింది. మేస్త్రి ఆ రోజు పక్కన ఉంటే ఒక్క ముక్కలో తేలిపోయేది. ఆయన గుంపును తీసుకుని నిజాంసాగర్ వైపు చెరుకు కొట్టడానికి పోయి ఉన్నాడు. పోలీసు కాగితాల్లో కూడా ఆమె మేస్త్రి భార్యే. సాక్షి ఒకసారి తెలియదంటుంది, ఒకసారి పొంతన లేని మాట చెబుతుంది, ఆమెను నమ్మి ఒక మనిషిని జైలుకు పంపలేం అని తీర్పు వచ్చింది. ఆ వరండాలోనే సుమిత్రమ్మ దేవవ్వకు ఎదురుపడి, నీ నోరు పడిపోను అని తిట్టింది. కింద ఉమ్మేసింది కూడా.

ఆడది మొగుడి పేరు ఎత్తదని సుమిత్రమ్మకు తెలియదా? ఆత్మారాం బతికున్న రోజుల్లో బోధన్ అంగడిలో మరాఠీ బేరగాళ్లు రాం రాం అని పలకరిస్తే, తిరిగి ఆ మాట అనలేక చేతులు జోడించి ఊరుకునేది. మొగుడి పేరులో సగమైనా నోట రాకూడదని అంత పట్టింపు. ఇదే దేవవ్వ బోనం ఎత్తినప్పుడు అందరూ పోశమ్మ తల్లీ అని మొక్కితే ఆమె మాత్రం అమ్మోరు అనేది. అమ్మోరు పేరు కూడా మర్చిపోయినవా అక్కా అని సుమిత్రమ్మ ఆటపట్టించేది. ఎందుకని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. పదకొండేళ్లు తిట్టుకోవడానికి తీరిక దొరికింది కానీ ఒక్క మాట అడగడానికి దొరకలేదు.

"దేవవ్వా, ఇప్పుడు నీ నోటితోని ఆ పేరు చెప్తవా?" అన్నాడు వకీలు మెల్లగా. "నేను విననీకి."

దేవవ్వ తల ఎత్తింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది.

"పోశన్న," అంది.

అని భోరున ఏడ్చింది. నలభై ఏళ్ల కాపురంలో మొదటిసారి మొగుడి పేరు పలికింది. అది కూడా ఒక హంతకుడి పేరుగా పలకాల్సి వచ్చింది.

"ఇంగ ఎవలి ఆయుష్షు తగ్గాలె సారూ," అంటూ కొంగులో ముఖం దాచుకుంది.

సుమిత్రమ్మ లేచింది. బెంచీ మీద ఖాళీగా ఉన్న చోటంతా దాటి వెళ్లి దేవవ్వకు ఆనుకుని కూర్చుంది. చేయి పట్టుకుంది. క్షమించు అనే మాట ఇద్దరి మధ్య ఎప్పుడూ వాడుకలో లేదు కాబట్టి ఇప్పుడూ వాడలేదు.

"దేవక్కా, నీ బిడ్డ పెండ్లికి నేను రాకపోతి," అంది.

"నీ పాలు పెండ్లి బువ్వ తీసి పెట్టిన. రెండు రోజులు పెట్టిన," అంది దేవవ్వ ముక్కు చీదుకుంటూ. "పాశిపోయినంక బర్రెకు ఏసిన."

ఇద్దరూ ఏడుస్తూనే కొంచెం నవ్వారు. లక్ష్మీరాజం తువ్వాలుతో అద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత సుమిత్రమ్మ ఆయన వైపు తిరిగింది. ఏడుపు పోయింది, ఆమె ముఖంలో పట్టుదల వచ్చింది.

"ఇన్నరు గద సారూ. ఇంగ కేసు తెరువున్రి. గాన్ని మళ్ల బోనెక్కియ్యున్రి. దేవక్క పేరు వెట్టి సెప్తది."

లక్ష్మీరాజం కలానికి మూత పెట్టాడు. కలానికి మూత పెట్టిన వకీలు ఏం చెప్పబోతున్నాడో కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు, సుమిత్రమ్మకూ తెలిసింది.

"కాదమ్మా. విచారణ జరిగి, నిర్దోషి అని వదిలిన మనిషిని అదే నేరానికి మళ్లీ విచారించొద్దని చట్టంలనే ఉంది. పైకోర్టుకు పోవాల్నంటే సర్కారు అప్పుడే పోవాలె. పోలేదు. ఇప్పుడు దుకాణం పోశన్న నడిబజార్ల నిలవడి నేనే చంపిన అని చెప్పినా, ఈ కేసుల ఆయనను ఏం చేయలేం."

"ఏం చేయలేమా?"

"చేయలేం."

"అంటే కోర్టుకు తెల్వక ఇడిసిపెట్టింది. ఇప్పుడు తెల్సింది. తెల్సినంక గూడ ఇడిసిపెట్టుడేనా?" సుమిత్రమ్మ గొంతు పెరిగింది. "బీడీలు సక్కగ సుట్టకపోతే సేటు విప్పించి మళ్ల సుట్టిపిస్తడు. గంత మాత్రం న్యాయం గూడ కోర్టుల లేదా సారూ?"

వకీలుకు ఆ మాట గుచ్చుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు.

"బీడీల మాట నువ్వే తీసినవ్ కనుక ఒకటి అడుగుత. నీ పక్కన కూసొని బీడీలు చుట్టే ప్రమీలమ్మ ఉంది గదా. తంబాకు దొంగతనం చేసిందని ఆమె మీద సేటు కేసు పెట్టిండు, యాదికున్నదా? ఆమెకు వకీలును నేనే."

"ప్రమీలక్క దొంగ కాదు. కోర్టు గూడ గదే సెప్పింది."

"చెప్పింది. చెప్పిన దినం నుంచి ఆమె కంటి నిండ నిద్రపోతున్నది. రేపు సేటు ఒక కొత్త సాక్షిని పట్టుకొస్తే? వచ్చే ఏడు ఇంకొకడిని తెస్తే? పైసలున్నోడికి సాక్షులు కరువా? ప్రతిసారి ప్రమీలమ్మ కూలి పోగొట్టుకొని కోర్టు చుట్టు తిరగాల్నా? నువ్వు అడుగుతున్న తలుపు తెరిస్తే గందుల నుంచి ముందుగాల ఈడ్చేది ప్రమీలమ్మనే తల్లీ. దుకాణం పోశన్నలను కాదు."

ప్రమీలమ్మ సుమిత్రమ్మ కళ్ల ముందు మెదిలింది. కేసు నడిచిన రోజుల్లో అన్నం సహించక ఎండుకుపోయిన మనిషి, తీర్పు వచ్చిన రోజు ఆకుల తట్ట నెత్తిన పెట్టుకుని పనికి వచ్చిన మనిషి. వకీలు చెప్పింది అబద్ధం కాదు. అబద్ధమైతే బాగుండేది, తిట్టి లేచిపోయేది.

"మీరు సెప్పింది ప్రమీలక్కకు మంచిగనే ఉన్నది సారూ," అంది చివరికి. "నాకు మంచిగ లేదు. నా పిల్లల తండ్రి మట్టిల కలిసిండు. గాడు దుకాణంల కూసొని తూకం ఏస్తున్నడు. ఊరికి పోయినప్పుడల్ల సూస్తున్న. ఒక్క మాట, ఒకే ఒక్క మాట సమజ్ గాక నా కేసు పోయింది. దీనికి తీరేంది?"

"తీరు లేదమ్మా. ఉందని చెప్పి నీ దగ్గర ఫీజు తీసుకునేవాళ్లు ఈ ఊళ్లె ఉన్నరు. నేను తీసుకోను."

సుమిత్రమ్మకు పాత రోజులు గుర్తొచ్చాయి. తీర్పు వచ్చిన కొత్తలో సర్కారు వకీలు కాళ్లు పట్టుకునైనా పైకోర్టుకు పంపుతానని తాను లేచినప్పుడు లింబయ్య అడ్డం పడ్డాడు. పోయినోళ్లు రారక్కా, ఉన్నోళ్లను బతికిచ్చుకుందాం అన్నాడు. ఆ మాటకు మెత్తబడి ఊరుకుంది. ఆ రోజే పోయి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపించింది. అంతలోనే తమ్ముడిని తప్పు పట్టుకోవడం పాపమనిపించి, ఆ ఆలోచనను తోసేసింది. వాడే లేకుంటే పిల్లలు ఏమైపోయేవాళ్లు.

"కేసు అంటూ నడిచింది గనుక ఇట్లయింది," అన్నాడు లక్ష్మీరాజం. తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "అసలు విచారణే జరగని మనిషైతే మాట వేరు. ఖూనీ కేసుకు ఎన్నేండ్లయినా గడువు దాటదు."

దేవవ్వ కొంగు దించింది.

"అంటే సారూ, బోనెక్కనోని మీద ఇప్పుడు గూడ ఏయొచ్చా?"

"ఎవరి మీద?"

దేవవ్వ సుమిత్రమ్మ చేతిలోంచి తన చేయి తీసుకుంది. తొందరపడి అడిగేశానే అన్నట్టు గోడ వైపు చూసింది. లక్ష్మీరాజం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"దేవవ్వా, ఆ పొద్దు తూము కాడ ఇంకెవరన్న ఉన్నరా?"

"ఉండిరి."

"మరి ఇన్నేండ్లు ఎందుకు సెప్పలే?" సుమిత్రమ్మ ఆమె భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఎవలక్కా?"

"ఎవలు కొట్టిండ్రని అడిగిండ్రు, గది సెప్పిన. ఎవలు వట్టుకున్నరని ఒక్కలన్న అడిగిండ్రా? నీకన్న సెప్దామంటే నువ్వు నన్ను గడపల అడుగు పెట్టనియ్యకపోతివి." దేవవ్వ మాటలు తడబడ్డాయి. "నీ పెనిమిటిని ఎన్కకెల్లి రెండు రెక్కలు వట్టుకున్నడు. పార గప్పుడే లేసింది. లొల్లి ఆపనీకె వట్టిండో, కొట్టనిచ్చెతందుకు వట్టిండో నాకెర్క లేదు సుమిత్రా. నా బిడ్డల మీద ఒట్టు, ఎర్క లేదు. ఆపనీకె అనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకోని ఊకున్న."

"పేరు సెప్పు."

"ఇడిసిపెట్టు సుమిత్రా."

"ఇదన్న సెప్పక్కా! ఇది నీ మొగని పేరు కాదు గదా!"

"నీ తమ్ముడే," అంది దేవవ్వ. "లింబయ్య."

బయట గంజ్ వైపు బస్తాలు దించుతున్న హమాలీల కేకలు వినిపిస్తున్నాయి. బావ చచ్చిపోయిన రోజు లింబయ్య బోధన్‌లో ఉన్నానని చెప్పాడు. అందరూ నమ్మారు, సుమిత్రమ్మ అందరికంటే ముందు నమ్మింది. ఇన్నేళ్లు తన పిల్లలకు పుస్తకాలు కొన్న చేతులు అవి. జ్వరమొస్తే చిన్నోడిని ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తిన చేతులు. ఆ చేతులు ఆ సాయంత్రం ఎందుకు పట్టుకున్నాయో చెప్పగలిగేవాళ్లు ముగ్గురు. ఒకడు చచ్చిపోయాడు, ఒకడికి శిక్ష లేదు. మిగిలినవాడు సందు మొగలో చాయ్ తాగుతున్నాడు.

లక్ష్మీరాజం కలం మూత తీయలేదు. బల్ల మీద దాన్ని అటూ ఇటూ దొర్లించాడు.

"అమ్మా, ఆయన మీద కేసు నడవలేదు. నువ్వు అన్నవంటే దరఖాస్తు రాస్త, చట్టం అడ్డం రాదు. ఆపనీకె పట్టిండో లేదో విచారణలనే తేలాలె. తేలకపోవచ్చు గూడ." ఆయన గొంతు తగ్గించాడు. "లేదూ, ఈ గదిల మాట ఈ గదిలనే ఉండాల్నంటే, నేను వినలేదు. ఏదన్నది నువ్వే చెప్పు."

ఇందాక ఇదే గదిలో, తెలిసినంక కూడా వదిలిపెట్టుడేనా అని గొంతు చించుకున్నది తానే. సుమిత్రమ్మ ఆ మాటను మింగలేక, కక్కలేక లేచింది. తలుపు దాకా నడిచింది.

"లింబయ్యా," అని పిలిచింది. "ఇటు రా. లోపటికి."

లింబయ్య రెండు చేతుల్లో చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. గడప దాటి వాటిని బల్ల మీద పెట్టాడు. అక్క ముఖం చూశాడు. బెంచీ మీద తల వంచుకుని కూర్చున్న దేవవ్వను చూశాడు. కూర్చోమని వకీలు కుర్చీ చూపించినా కూర్చోలేదు. సుమిత్రమ్మ అడగకముందే తానే నోరు విప్పాడు.

"నీకు సెప్పుమని పొద్దుగాల బస్సుల దేవక్కను నేనే బతిలాడిన," అన్నాడు లింబయ్య. "సెప్పిందా, అక్కా?"